గన్నవరం నుంచి వైజాగ్ ఫ్లైట్: కుడివైపు కిటికీ వరకు నూటికి నూరు, మిగతాది మీ ఇల్లెక్కడో దాన్నిబట్టి

చాన్నాళ్లుగా ఈ రూట్లో తిరుగుతున్నాను, పని మీదే అయినా నిజం చెప్పాలంటే నాకు ఆ కుడివైపు కిటికీ పిచ్చి. పంకాలుండే చిన్న ఏటీఆర్ విమానం వేసిన రోజు ఇంకా బాగుంటుంది, అది మరీ పైకి పోదు కాబట్టి మబ్బుల్లేకపోతే కింద ఊళ్లన్నీ కనబడుతూనే ఉంటాయి. లేచిన కాసేపటికే కొల్లేరు, అంటే ఇప్పుడు సరస్సు కన్నా చేపల చెరువులే ఎక్కువ, గళ్ల లుంగీ ఆరేసినట్టు ఉంటుంది. ఆ తర్వాత ధవళేశ్వరం ఆనకట్ట, దాని కింద గోదారి పాయలుగా చీలి కోనసీమలోకి పోవడం ఒక్క చూపులో అందుతుంది. ఇది రైల్లో ఏ క్లాసు టికెట్ కొన్నా రాదు.

దూరం సంగతికొస్తే రైలుకి 350 కిలోమీటర్లు, పైన తిన్నగా పోతే 290 దాకా ఉంటుంది. గంటకి 500 కిలోమీటర్లు పోయే విమానానికి అదెంత అనిపిస్తుంది గానీ, టికెట్ మీద గంట వేస్తారు, ఎందుకంటే ఇక్కడ కదిలిన దగ్గర్నుంచి అక్కడ ఆగేదాకా అంతా లెక్కే.

ఒక అక్టోబరులో ఆ గంట ఏమైందో చెప్తాను. వాయుగుండం రోజులు. గన్నవరంలో ఎండ కాస్తోంది, అనకాపల్లి దాటేసరికి కుదుపులు మొదలయ్యాయి. మామూలుగా యారాడ కొండ కనబడే చోట తెల్లగా తప్ప ఏమీ లేదు. చక్రాలు దించిన చప్పుడైంది, హమ్మయ్య అనుకునేలోపు ఇంజిన్లు హోరెత్తి మళ్లీ పైకి. పక్క సీట్లో పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని "ఊరు దాటిపోయామా బాబూ?" అంది. "లేదండీ, ఇంకో చుట్టు తిప్పుతున్నారు" అన్నాను. అలా తిరిగి తిరిగి చివరికి వెనక్కి వెళ్తున్నామని చెప్పారు. రెండు గంటల పైనే గాల్లో ఉండి, ఎక్కిన చోటే దిగాం!

పైలట్ మీద నాకేం కోపం లేదు, కొండల పక్కన దారి కనబడనప్పుడు దించకపోవడమే మంచిది. నా మంటంతా దిగాక జరిగినదాని మీదే. కౌంటర్లో రేపటి సీటో, డబ్బు వాపసో తేల్చుకోమన్నారు, బ్యాగులకి మరో గంట నిలబెట్టారు. అక్కణ్ణుంచి ఆటోలో విజయవాడ స్టేషన్, జనరల్ బోగీ, తెల్లారేసరికి వైజాగ్‌కి ముందొచ్చే దువ్వాడ స్టేషన్.

ఇదివరకు ఎవరడిగినా రైలు దండగ అనేవాణ్ణి, ఇప్పుడు అంత గట్టిగా అనడం లేదు. 2023లో వందేభారత్ వచ్చాక విజయవాడ నుంచి వైజాగ్ నాలుగు, నాలుగున్నర గంటలే. విమానానికి ముందుగా పోయి కూర్చోవడం, దిగాక బ్యాగు, క్యాబ్, ఇవన్నీ కలిపితే పెద్దగా మిగిలేదేం లేదు. నాకు గిట్టుబాటు అవుతోందంటే ఇల్లు కేసరపల్లిలో, పని గాజువాకలో కాబట్టి, రెండు చోట్లా ఎయిర్‌పోర్టు దగ్గరే. విజయవాడ భవానీపురం నుంచి బయల్దేరి వైజాగ్‌లో మధురవాడ పోయేవాళ్లయితే రైలే నయం.

ఇంకోటి, ఇదంతా వైజాగ్‌లో నేవీ వాళ్ల పాత ఎయిర్‌పోర్టు లెక్క. భోగాపురం కొత్త ఎయిర్‌పోర్టులో దిగాలంటే మధురవాడ వాళ్లకి హాయి, నేను మాత్రం వైజాగ్ మొత్తం దాటుకుని గాజువాక రావాలి, దానికన్నా రైల్లో వచ్చి గాజువాక దగ్గర్లోని దువ్వాడలో దిగడమే నాకు సుఖం.