కచూపా: రికానా, పోబ్రెనా?

పశ్చిమాఫ్రికా తీరానికి ఆవల ఉన్న కేప్ వెర్దె దీవుల ఇంటి వంట కచూపా, నిదానంగా ఉడికించే మొక్కజొన్న గింజల కూటు. ఇందులో రెండు రకాలు: రికా, పోబ్రె. పోర్చుగీసులో రికా అంటే సంపన్నమైనది, పోబ్రె అంటే పేదది. తేడా మాంసం దగ్గరే. రెండింటికీ ప్రాణం మొక్కజొన్నే.

గింజలపై నీళ్లు చిలకరించి, రోట్లో దంచి, పొట్టు చెరిగేయాలి. గింజ నలగకూడదు, పైపొర మాత్రమే ఊడాలి. 3 కప్పుల గింజలకు 1 కప్పు చిక్కుడు, రాజ్మా గింజలు కలిపి రాత్రంతా నానబెట్టాలి. ఉల్లి, వెల్లుల్లి, బిర్యానీ ఆకుతో సన్నసెగ మీద రెండు మూడు గంటలు ఉడకాలి. టమాటా ముందే వేస్తే ఆ పులుపుకి గింజలు మెత్తబడవు. నీళ్లు తగ్గితే మరిగినవే పోయండి.

పోబ్రెలో ఆపై కర్రపెండలం, చిలగడదుంప, క్యాబేజీ, దొరికితే చేప. చిలగడదుంప చివరి అరగంటలోనే, లేకుంటే చిదికి ముద్దవుతుంది. రికాలో పంది మాంసం, కోడి, లింగుయిసా అనే వెల్లుల్లి సాసేజ్ కూడా పడతాయి. ఉప్పుమాంసమైతే ముందురోజే నానబెట్టి నీళ్లు పారబోయాలి. ఆ పని మరిస్తే కుండంతా ఉప్పుకషాయమే. సాసేజ్ విడిగా వేయించి చివర్లో కలపాలి.

మొదటిసారి వండేవాళ్లకి పోబ్రెనే మేలు. రికాలో కొవ్వు రుచి గింజ ఉడకని లోపాన్ని కప్పేస్తుంది. పోబ్రెలో పంటికి తగిలి వెంటనే తెలిసిపోతుంది. పండగకి, పదిమంది అతిథులకి మాత్రం రికానే.

ఏది మిగిలినా పొద్దున్నే ఉల్లిపాయతో పెనం మీద అడుగు ఎర్రబడేదాకా వేయించి, పైన గుడ్డు వేస్తారు. అసలు వంటకన్నా ఇదే రుచి అనేవాళ్లూ ఉన్నారు.