ఆల్కలినిటీ కిట్లు మూడేళ్లు వాడాక: నా కోపమంతా సీసా ముక్కు మీదే

నైట్రేట్, కాల్షియం, మెగ్నీషియం కిట్ల గురించి ఇక్కడ రాయడం లేదు. తిరుపతిలో మా ఇంట్లో కోరల్స్ (పగడపు జీవులు) పెంచే మూడడుగుల ఉప్పునీటి ట్యాంకు ఉంది. మూడేళ్లలో నన్ను నిజంగా ఏడిపించింది ఆల్కలినిటీ (నీళ్లలో కరిగిన కార్బొనేట్, బైకార్బొనేట్ల లెక్క, గట్టి గూడు కట్టుకోవడానికి కోరల్స్‌కు ఇవి కావాలి) చూసే కిట్ ఒక్కటే.

మొదట్లో చుక్కల కిట్‌ను నేనే నలుగురి చేత కొనిపించాను. 5 మి.లీ. ట్యాంకు నీళ్లు తీసుకుని, నీలం రంగు పసుపుకు తిరిగేదాకా చుక్కలు లెక్కపెట్టడమే, చుక్కకు ఒక డీకేహెచ్ (ఆల్కలినిటీ కొలత). నీళ్లు 10 మి.లీ. తీసుకుంటే చుక్కకు అర. చవక, సులువు. మొదటి సీసా దాదాపు అయిపోయేదాకా ఏ తేడా రాలేదు.

పోయిన ఎండాకాలం రెండో సీసా తెరిచాను. రీడింగ్ ఎప్పుడు చూసినా 9, అంతా బాగున్నట్టే. కానీ హ్యామర్ కోరల్ కండ కింద నుంచి ఊడిపోతూ వచ్చింది, అద్దం మీద గట్టిగా పట్టే ఊదారంగు నాచు పొర తెల్లబడింది. ఎండ వల్లేమో అనుకుని ఫ్యాన్లు పెట్టాను, మా బోరు నీళ్ల మీద అనుమానంతో ఆర్వో మెంబ్రేన్ మార్చాను, లైటు తగ్గించాను. రెండు నెలలు ఇదే టెన్షన్. కిట్ మీద మాత్రం అనుమానమే రాలేదు, ఎందుకంటే ప్రతిసారీ అదే అంకె చూపిస్తోంది కదా.

చివరికి తెలిసిన నీళ్లతో కిట్‌నే పరీక్షిద్దామనుకున్నా. 2.4 గ్రాముల వంటసోడా (బేకింగ్ పౌడర్ కాదు) లీటరు ఆర్వో నీళ్లలో కరిగించి, అందులోంచి 100 మి.లీ. తీసి మళ్లీ లీటరు చేస్తే సరిగ్గా 8 డీకేహెచ్ రావాలి. అంత తక్కువ తూకం ఇంట్లో కుదరదు. గాంధీ రోడ్డులో మా మామకు బంగారం కొట్టు ఉంది, అక్కడికి పోయాను. "ఏం అల్లుడూ, సోడా ఉప్పు తూకం వేసేదానికి వచ్చినావా" అంటూనే బంగారం తూచే కాటా మీద పెట్టి ఇచ్చినాడు.

కిట్ 10.5 చూపించింది. మూడుసార్లు చేసినా అంతే.

పాత సీసా అడుగున కాస్త మిగిలి ఉంటే, రెండింటి చుక్కలూ సిరంజిలోకి వేసి లెక్కపెట్టాను. 1 మి.లీ.కి పాతదానికి 20 చుక్కలు, కొత్తదానికి 26. మందు పాడవలేదు, సీసా ముక్కు సన్నగా చేశారంతే. చుక్క చిన్నదైతే ఎక్కువ చుక్కలు పడతాయి, అంకె పెరుగుతుంది. అంటే నేను 9 అనుకున్న నీళ్లు నిజానికి 7 కూడా లేవు. కంపెనీకి రాస్తే "సీసాను నిటారుగా పట్టుకోండి" అని జవాబు. నిటారుగానే పట్టుకున్నానయ్యా! రోజుకు అర డీకేహెచ్ చొప్పున మెల్లగా పెంచుకుంటూ వచ్చాను, హ్యామర్ కోరల్ అయిదు తలల్లో రెండు అప్పటికే పోయాయి, మిగతా మూడూ ఇప్పుడు బాగా విచ్చుకుంటున్నాయి.

తర్వాత చెన్నైలో అక్వేరియం కొట్లుండే కొళత్తూరు పోయినప్పుడు సాలిఫెర్ట్ కిట్ తెచ్చుకున్నా. అందులో ఎంత మందు పోయిందో సిరంజి గీత చూసి చెప్పుకోవచ్చు, చుక్క సైజుతో పనే లేదు. కాకపోతే ట్యాంకు నీలం లైటు కింద ఆ రంగు మారడం తెలియదు, వంటింటి తెల్ల ట్యూబ్‌లైటు కిందకు పోవాల్సిందే. కంటికి రంగులు సరిగా తెలియనివాళ్లకు హన్నా డిజిటల్ చెకర్ నయం, మా తమ్ముడు అదే వాడతాడు. దానికీ 0.3 డీకేహెచ్, ఆపైన రీడింగ్‌లో 5 శాతం అటూఇటూ ఉంటుంది, అంకె తెర మీద వచ్చిందని కళ్లు మూసుకుని నమ్మను. మందు సీసా 25 టెస్టులకే అయిపోతుంది, వారానికి రెండుసార్లు చూసే నాకు ఆ ఖర్చు కాస్త బరువే.

గట్టి కోరల్స్ ఉన్నాయి కాబట్టి నేను ఇంత పట్టించుకుంటున్నా. చేపలు మాత్రమే ఉన్నవాళ్లకు చుక్కల కిట్ సరిపోవచ్చు, కొత్త సీసా తెరిచిన రోజు మాత్రం 1 మి.లీ.కి ఎన్ని చుక్కలో లెక్కపెట్టి మూత మీద రాసిపెట్టుకోండి.