సూపర్‌హీరో సినిమాకు పిల్లలతో వెళ్తున్నారా? ముందు సర్టిఫికెట్ చూడండి

హైదరాబాద్‌లో పిల్లలను సూపర్‌హీరో సినిమాలకు తీసుకువెళ్లే వారందరికీ ఈ హెచ్చరిక. సినిమాకు ‘ఏ’ సర్టిఫికెట్ ఉంటే, తల్లిదండ్రులు వెంట ఉన్నా సరే, 18 ఏళ్లు నిండని వారికి ప్రవేశం లేదు. ఆ సంగతి గేటు దగ్గర తెలిస్తే మీ డబ్బు పోయినట్టే.

మొన్న ఆదివారం కూకట్‌పల్లి వైపు ఒక మల్టీప్లెక్స్‌లో మాకు జరిగింది ఇదే. ఏడో తరగతి చదివే మా అక్క కొడుకు, నాలుగో తరగతి చదివే కూతురు కౌంటర్ దగ్గర నా పక్కనే నిలబడ్డారు. పిల్లలు చూడవచ్చా అని అడిగాను. “సూపర్‌హీరో సినిమానే కదండీ” అంటూ కౌంటర్‌లోని వ్యక్తి నలుగురికీ టికెట్లు ఇచ్చాడు. గేటు దగ్గర ఉన్న అమ్మాయి పిల్లలను ఆపేసింది. చట్టం అదే కాబట్టి ఆమెను తప్పుపట్టను. కానీ మేనేజర్ వచ్చి, కొన్న టికెట్లు వెనక్కి తీసుకునేది లేదని తేల్చేశారు. పిల్లలను కళ్లారా చూసి టికెట్లు అమ్మింది వాళ్లే, పిల్లలని చెప్పి ఆపిందీ వాళ్లే. ఇది పచ్చి అన్యాయం.

హీరో పేరు చూసి ధైర్యపడకండి. వుల్వరిన్‌నే తీసుకోండి. 2000లో వచ్చిన ‘ఎక్స్‌మెన్’కు అమెరికాలో పీజీ-13 రేటింగ్ ఇచ్చారు, అంటే పిల్లలు చూడవచ్చు, 13 ఏళ్లలోపు వారి విషయంలో తల్లిదండ్రులు జాగ్రత్తపడాలి. అదే పాత్రతో 2017లో వచ్చిన ‘లోగన్’కు అక్కడ అంతకంటే కఠినమైన ‘ఆర్’, ఇక్కడ ‘ఏ’. 2024 నాటి ‘డెడ్‌పూల్ అండ్ వుల్వరిన్’కూ అంతే. బొమ్మల దుకాణంలో మాత్రం ఆ హీరో ఎప్పటిలాగే పిల్లలను పిలుస్తూ ఉంటాడు.

మన ఇళ్లలో ఇంకో చిక్కు ఉంది. “మా వాడు ఇక్కడ థియేటర్‌లోనే చూశాడు” అని డల్లాస్ నుంచి పిన్నిగారో బాబాయిగారో ఫోనులో చెబుతారు. వాళ్లు చెప్పేది నిజమే. అక్కడ ‘ఆర్’ సినిమాకు 17 ఏళ్లలోపు వారు తల్లిదండ్రులతోనో పెద్దవారితోనో వెళ్లవచ్చు. మన ‘ఏ’కు ఆ వెసులుబాటు లేదు.

‘యూఏ’ సర్టిఫికెట్ వేరు. 2024 నిబంధనలతో అది వయసును బట్టి 7+, 13+, 16+ అని మూడుగా విడిపోయింది. వీటికి గేటు దగ్గర ఆపరు. పిల్లలకు చూపించాలా వద్దా అన్న నిర్ణయం తల్లిదండ్రులదే. నన్నడిగితే 16+ అని ఉన్నదానికి నాలుగో తరగతి పిల్లను తీసుకువెళ్లను. నెత్తురు చుక్క కనిపించకుండా భవనాలు కూలడం ఒకటి, మనిషి గొంతు తెగడాన్ని దగ్గరగా చూపించడం మరొకటి. రెండోది చూసిన పిల్లలు రాత్రి నిద్రపోరు.

కౌంటర్‌లో ఎవరు ఏం చెప్పినా నమ్మకుండా, పోస్టర్ మీద సర్టిఫికెట్ మీరే చూసుకోండి. ఇప్పటికే మోసపోయి ఉంటే టికెట్లు పారేయకండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. నేను చేయించాను, నాలుగు టికెట్ల డబ్బూ అడిగాను.