బండి ఎత్తు లేచింది సరే, స్టీరింగు సంగతేంటి?

బండిని ఎత్తు లేపే లిఫ్ట్ కిట్ గురించి ఎవరు చెప్పినా బండి ఎన్ని అంగుళాలు లేచిందో చెబుతారు. స్టీరింగు ఊసెత్తరు. నా కడుపుమంటంతా దాని గురించే.

నాది పాత మహీంద్రా ఫోర్‌వీల్ పికప్. ముందూ వెనకా కమాన్ కట్టలే, అంటే ఇనుప పట్టీలు దొంతరగా పేర్చిన స్ప్రింగులు. చింతపల్లి పైన మా బావమరిది కాఫీ తోటకి వానల్లో వెళ్తే, గాళ్లు పడిన మట్టిదారి నడిమి గట్టు సైలెన్సరుకీ, నాలుగు చక్రాలకీ శక్తి పంచే ట్రాన్స్‌ఫర్ కేసుకీ రాసుకునేది. అందుకే గాజువాక ఆటోనగర్‌లో కిట్ వేయించాను: కొత్త కట్టలు, పొడవు షాకిల్స్ (కట్ట కొసని ఛాసిస్‌కి తగిలించే ఇనుప ముక్కలు), పొడవు షాకబ్జార్లు, బ్రేకు హోసులు. ఇప్పుడు ఆ గట్టు తగలదు. యాక్సిల్ (ఇరుసు) మధ్యలోని గుండు మాత్రం ఎక్కడున్నది అక్కడే ఉంటుంది, అది లేవాలంటే పెద్ద టైర్లే గతి.

అసలు గొడవ ఆనందపురం–అనకాపల్లి ఆరు వరసల రోడ్డు మీద మొదలైంది. స్పీడు 60 దాటాక వంతెన జాయింటు మీద టైరు పడగానే స్టీరింగు చేతుల్లో గిలగిల కొట్టుకుంది. డ్యాష్‌బోర్డు మీది తాళాలు కింద పడ్డాయి. బ్రేకు తొక్కి బాగా నెమ్మది చేస్తే గానీ ఆగలేదు. పక్కన కూర్చున్న మా ఆవిడ పెందుర్తి దాకా నోరు విప్పలేదు. మలుపు తిరిగాక స్టీరింగు దానంతట అది వెనక్కి రావడం కూడా మానేసింది.

కిట్ అమ్మినవాళ్లని అడిగితే వీల్ బ్యాలెన్సింగ్ చేయించుకోమన్నారు. చేయించాను. స్టీరింగు రాడ్ల కొసన ఉండే టై రాడ్ ఎండ్లు మార్చమన్నారు, మార్చాను. ఆఖరికి ఆ ఊపుని అణిచే స్టీరింగు డ్యాంపర్ కొనమన్నారు. అదీ వాళ్ల దగ్గరే అమ్ముతారు లెండి.

విషయం పట్టుకున్నది ఆటోనగర్‌లోనే ఇంకో షెడ్డు పెద్దాయన. "స్టీరింగు బాక్సు జోలికెళ్లకు బాబూ, యాక్సిలు ముందుకి తిరిగిపోయింది" అన్నారు. సైకిల్ ముందు ఫోర్కు పైభాగం తొక్కేవాడి వైపు వాలి ఉంటుంది కదా, ఇక్కడ ముందు చక్రాలకీ అలాంటి వాలే ఉండాలి. స్టీరింగుని తిన్నగా నిలబెట్టే ఆ వాలునే కాస్టర్ అంటారు. పాత జీపులకి అది సుమారు 3 డిగ్రీలు. ముందు షాకిల్ పొడవు పెరగడంతో నా బండిలో అది దాదాపు సున్నాకి వచ్చేసింది. పైగా షాకిల్ 2 అంగుళాలు పొడిగిస్తే బండి లేచేది 1 అంగుళమే! ఆయన కట్టకీ యాక్సిల్‌కీ మధ్య ఒకవైపు మందం, ఒకవైపు పలచనగా ఉండే ఇనుప వెడ్జీలు పెట్టి, కొత్త యూ బోల్టులు బిగించారు. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక మళ్లీ బిగించాలని పంపేటప్పుడు గట్టిగా చెప్పారు. ఆ ఇనుప ముక్కల ఖరీదు నేను అంతకుముందు తగలేసిన దాంట్లో ఏ మూలకీ రాదు.

అప్పట్నుంచీ బండి తిన్నగా పోతోంది. కాకపోతే వెడ్జీలతో ముందు పీనియన్ ముక్కు (యాక్సిల్ గుండుకి షాఫ్టు తగులుకునే చోటు) కిందకి వాలింది కాబట్టి, ఫోర్‌వీల్ వేసి కాస్త జోరుగా పోతే ముందు చక్రాలకి శక్తి తీసుకెళ్లే ప్రొపెల్లర్ షాఫ్టు గుయ్‌మంటుంది. బురదలో అంత జోరెందుకు? మామూలు రోడ్డు మీద ఫోర్‌వీల్ తీసేసి, ముందు చక్రాల హబ్బుల లాకు వదిలేస్తే ఆ షాఫ్టు తిరగదు, చప్పుడూ ఉండదు.

కట్టలు భలే ఉన్నాయని కొత్తలో అందరికీ చెప్పాను. మిరియాల బస్తాలు వేసుకుని దిగేటప్పుడు ఇప్పటికీ అదే మాట. ఖాళీ బండితో భీమిలి రోడ్డు మీద మాత్రం ప్రతి స్పీడ్‌బ్రేకరూ నడుముకి తెలుస్తుంది. ఉప్పు గాలికి షాకిల్ బోల్టులు తుప్పెక్కుతున్నాయి, గ్రీజు పెట్టడం మరిస్తే కిర్రుకిర్రుమంటాయి. అమ్మ మోకాళ్ల నొప్పితో ఎక్కలేదు, ఆవిడ కోసం వెనకాల ఒక పీట పడేసి ఉంచుతాం.

నాకు తోట ఉంది కాబట్టి గిట్టుబాటైంది. ఎంవీపీ కాలనీ నుంచి బీచికి తిరిగేవాళ్లకి ఎందుకో నాకర్థం కాదు. ఆర్సీలో రాసిన వివరాలు మారేలా బండిని మార్చకూడదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కూడా ఉంది, ఫిట్‌నెస్ దగ్గరపడిన పాత బండైతే ముందు ఆర్టీఏలో కనుక్కోండి. వేయించడం ఖాయమైతే, కాస్టర్ ఎన్ని డిగ్రీలు మిగులుతుందో డబ్బు కట్టకముందే అడగండి.