విశాఖలో ఈసీహెచ్‌ఎస్: వైద్యం బాగుంది, పాత డ్యూటీ సంగతి మాత్రం మనమే చెప్పుకోవాలి

2003 ఏప్రిల్‌లో మొదలైన ఈసీహెచ్‌ఎస్ (మాజీ సైనికులకూ వారి కుటుంబాలకూ కేంద్రం నడిపే వైద్య పథకం) మాజీ సైనికుల ఇళ్లకు నిజంగా పెద్ద అండ. బీపీ, షుగరు మాత్రలు పథకం సొంత క్లినిక్ అయిన పాలీక్లినిక్‌లోనే ఇస్తారు. పెద్ద జబ్బయితే రిఫరల్ రాసి నేవీ ఆసుపత్రి ఐఎన్‌హెచ్‌ఎస్ కల్యాణికో, ప్యానెల్‌లో (పథకం గుర్తించిన జాబితాలో) ఉన్న ప్రైవేటు ఆసుపత్రికో పంపుతారు. గుండెనొప్పి లాంటిదైతే రిఫరల్ కోసం ఆగకుండా కార్డు పట్టుకుని నేరుగా ప్యానెల్ ఆసుపత్రికి వెళ్లిపోవాలి. ప్యానెల్‌లో లేనిచోట చేరితే 48 గంటల్లో పాలీక్లినిక్‌కు కబురు చేయాలి. అది ఆలస్యమైతే, ముందు మనం కట్టిన బిల్లు రాబట్టుకోవడం కష్టం.

లోటల్లా ఒక్కటే. ఓపీలో ఈ రోజు జబ్బు గురించి అడుగుతారు గానీ, ముప్పై ఏళ్ల కిందట ఏ ఓడలో, ఏ పని చేశారన్నది అడిగే తీరిక ఉండదు. నేవీ ఊరిలో అదే ముఖ్యం. పాత ఓడల బాయిలర్ గదుల్లో ఆవిరి గొట్టాలకు వేడి తగలకుండా ఆస్‌బెస్టాస్ అనే ఖనిజపు పీచు చుట్టేవారు. ఆ పీచు పీల్చినవారికి ఊపిరితిత్తుల జబ్బు 20 నుంచి 40 ఏళ్లకు బయటపడవచ్చు. తొలిదశలో మామూలు ఎక్స్‌రేలో కనపడకపోవచ్చు, హెచ్‌ఆర్‌సీటీలో (ఊపిరితిత్తులను మరింత స్పష్టంగా చూపే సీటీ స్కాన్) తెలుస్తుంది. కాబట్టి ఆయాసం, పొడిదగ్గు ఉన్న స్టోకర్లు (బాయిలర్ గదుల్లో పనిచేసినవారు), ఇంజిన్ మెకానిక్‌లు నేవీ డిశ్చార్జ్ బుక్కు, పనిచేసిన ఓడల పేర్లు, ఏళ్లు ఒక కాగితం మీద రాసి డాక్టరు ముందు పెట్టండి. సిగరెట్ అలవాటుంటే అదీ దాచకండి. రెండూ కలిస్తే క్యాన్సర్ ముప్పు బాగా పెరుగుతుంది.

చెవుల సంగతీ అంతే. ఫిరంగులు, ఇంజిన్ల మోతకు పోయిన వినికిడి ఆడియోగ్రామ్‌లో (వినికిడి పరీక్ష గీతలో) 4000 హెర్ట్జ్ స్వరస్థాయి దగ్గర గుంటలా దిగుతుంది. వయసువల్ల తగ్గినదైతే గీత హెర్ట్జ్ పెరిగేకొద్దీ క్రమంగా కిందికి జారుతుంది. పరీక్షకు ముందు కనీసం 14 గంటలు పెద్ద చప్పుళ్లకు దూరంగా ఉండాలి, లేకపోతే ఫలితం తప్పుగా వస్తుంది.

పిల్లల మాటకొస్తే, ఆస్‌బెస్టాస్ జబ్బు వంశపారంపర్యం కాదు. నాన్నగారి డ్యూటీ బట్టల దుమ్ము ఇంటికి చేరడం వల్ల ఆ బట్టలు ఉతికిన అమ్మకీ, పిల్లలకీ ముప్పు ఉంటుంది. కానీ కొడుక్కి 25 ఏళ్లు నిండినా, అంతకుముందే ఉద్యోగమో పెళ్లో అయినా ఈసీహెచ్‌ఎస్ ఆగిపోతుంది. జబ్బు బయటపడే వయసుకు కార్డు ఉండదన్నమాట. ఇది సరిదిద్దాల్సిన అన్యాయం. అలాంటివారు పెదవాల్తేరు ఛాతీ ఆసుపత్రికి వెళ్లినా, మరెక్కడికి వెళ్లినా నాన్నగారి పనిని చెప్పి తీరాలి.

శాశ్వత వైకల్యం ఉన్న బిడ్డకు మాత్రం వయసు పరిమితి లేదు. 40 శాతం లేదా అంతకు మించిన వైకల్య సర్టిఫికెట్ కావాలి. కొడుక్కి 24వ ఏడు నడుస్తుండగానే దాన్ని తెచ్చి కార్డు వివరాల్లో నమోదు చేయించండి.