మేయర్ పదవితోనా, అది లేకుండానా: ఇద్దరు ఫ్రెంచి ప్రజాప్రతినిధులు

మేయర్ పదవిని, జాతీయ అసెంబ్లీ (పార్లమెంటు దిగువ సభ) సభ్యత్వాన్ని ఒకే వ్యక్తి నిర్వహించడం ఫ్రాన్స్‌లో చాలాకాలం పరిపాటిగా ఉండేది. 2014 నాటి చట్టం 2017 ఎన్నికల నుంచి దానిని నిషేధించింది.

జ్యాఁ లసాల్ 1977లో, 21 ఏళ్ల వయసులో, పిరనీస్ పర్వతాల్లోని తన స్వగ్రామం లూర్దియోస్-ఇషేర్‌కు మేయరై, 2002లో అసెంబ్లీకి ఎన్నికైన తర్వాత కూడా 2017 వరకు ఆ పదవిని విడిచిపెట్టలేదు. అదే పర్వతాల్లోని ఆస్ప్ లోయలో ఉన్న ఒక కర్మాగారం తరలిపోతుందన్న ఆందోళనతో 2006లో ఆయన అసెంబ్లీ భవనంలోనే 39 రోజులు నిరాహార దీక్ష చేసి, అది అక్కడే కొనసాగుతుందన్న హామీని సాధించారు.

1983 నుంచి మధ్య ఫ్రాన్స్‌లోని సెంత్-అమాఁ-రోష్-సవిన్ గ్రామానికి మేయరుగా ఉన్న కమ్యూనిస్టు నాయకుడు ఆంద్రే షసేన్ కూడా 2002లోనే అసెంబ్లీలో ప్రవేశించారు, కానీ చట్టం నిర్బంధించకముందే, 2010లో, మేయర్ పదవి నుంచి తప్పుకున్నారు.

లసాల్ దీక్ష ఒక లోయ జీవనోపాధిని నిలబెట్టింది, అది చిన్న విషయం కాదు. అయినా నా దృష్టిలో షసేన్ మార్గానిదే పైచేయి: ఆయన చొరవతో వచ్చిన 2020 చట్టం పూర్తికాలం సేద్యం చేసి విరమించిన రైతుల పింఛనుకు నికర కనీస వేతనంలో 85 శాతాన్ని హామీగా ఇచ్చింది, 2021లో వచ్చిన మరో చట్టం, పొలంలో వారితో సమానంగా శ్రమించిన భార్యల పింఛన్లనూ మెరుగుపరిచింది.