ఇంటికి మనమే కెమెరాలు పెట్టుకుంటే: వైఫైనా, డీవీఆరా, పీఓఈనా?

"నాలుగు కెమెరాలు చాలు. వైఫైవి కొనుక్కోనా, డీవీఆర్ సెట్టు పెట్టుకోనా?" ఈ ప్రశ్న నాకు ఎవరో ఒకరి దగ్గర్నుంచి వస్తూనే ఉంటుంది. డీవీఆర్ అంటే కెమెరాల నుంచి కేబుళ్ళలో వచ్చే వీడియోని హార్డ్ డిస్క్‌లో దాచే రికార్డరు పెట్టె. మూడో దారి పీఓఈ, అంటే వీడియో వచ్చే నెట్‌వర్క్ కేబుల్‌లోనే కెమెరాకి కరెంటు కూడా పంపే పద్ధతి. కొత్తగా గృహప్రవేశం చేసినవాళ్ళు అడుగుతారు. హైదరాబాదులోనో డాలస్‌లోనో ఉంటూ ఊళ్ళో అమ్మానాన్నలున్న ఇంటి గురించి బెంగపడేవాళ్ళు అంతకన్నా ఎక్కువగా అడుగుతారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు నాకు తెలిసింది ఒకచోట రాసిపెడుతున్నాను. నిచ్చెనెక్కి గోడకు డ్రిల్లు వేయగలిగినవాళ్ళు సొంతంగా చేసుకోగల పనే ఇది.

కొట్లో అడిగితే మాట మెగాపిక్సెళ్ళతో మొదలవుతుంది. నేను ముందు చూసేది అది కాదు. దొంగ పడిన రాత్రి ఆ పది నిమిషాల రికార్డు మర్నాడు పొద్దున మన చేతిలో ఉంటుందా, ఉండదా? దానికి అడ్డుపడేవి మూడు: కరెంటు పోవడం, నెట్టు పోవడం, రికార్డు దాచిన వస్తువునే ఎత్తుకుపోవడం. ఏ పద్ధతినైనా ఈ మూడింటి ముందూ నిలబెట్టి చూడాలి.

వైఫై కెమెరాతోనే మొదలుపెడదాం, ఎందుకంటే ఎక్కువమంది కొనేది అదే. రెండు మూడు వేలలో వస్తుంది, మెమరీ కార్డు వేసి ప్లగ్గులో పెడితే పావుగంటలో ఫోనులో బొమ్మ కనిపిస్తుంది. అద్దె ఇంట్లో ఉన్నవాళ్ళు, గోడలకు రంధ్రాలు పెట్టకూడని అపార్టుమెంటులో ఉన్నవాళ్ళు, పెద్దాళ్ళు పడుకునే గదిలో ఒక కన్నేసి ఉంచాలనుకునేవాళ్ళు వేరే ఆలోచనే పెట్టుకోనక్కర్లేదు, అదే కొనండి. చిక్కంతా దాన్ని ఇంటి బయట కాపలాకి పెట్టినప్పుడే.

మన ఇళ్ళలో ఇన్వర్టర్ లైను సాధారణంగా గదుల్లో లైట్లకూ ఫ్యాన్లకూ ఇస్తారు. గేటు దగ్గర, మేడ మెట్ల కింద, పెరట్లో ఉన్న ప్లగ్గులకు ఇన్వర్టర్ చాలామంది ఇవ్వరు. అంటే కరెంటు పోగానే ఆ వైఫై కెమెరా కూడా పోతుంది. పైగా మీటరు బోర్డు ఎక్కడుంటుంది? చాలా ఇళ్ళలో గేటు పక్కనో వరండా గోడకో, చేతికందే ఎత్తులో. మెయిన్ దించడానికి దొంగకి ఒక్క క్షణం చాలు. రౌటరును ఇన్వర్టర్ మీద పెట్టుకున్నా సరిపోదు, వీధి చివర స్తంభానికి వేలాడే లోకల్ కేబుల్ ఆపరేటర్ పెట్టెకి బ్యాకప్ లేకపోతే నెట్టు ఎలాగూ ఆగిపోతుంది. అప్పుడు నెలనెలా డబ్బు కట్టే క్లౌడ్ స్టోరేజికి ఏ క్లిప్పూ చేరదు. ఇక మిగిలింది కెమెరాలోని మెమరీ కార్డు. కెమెరాను పీక్కుపోతే కార్డు కూడా దాంతోపాటే పోతుంది. స్లాబూ పిల్లర్లూ దాటి గేటు దాకా సిగ్నల్ సరిగ్గా అందకపోవడం వీటన్నిటికీ అదనం.

డీవీఆర్ సెట్టు మీద చిన్నచూపు వద్దు. పాతకాలపు వ్యవహారం అని తీసిపారేసేవాళ్ళున్నారు గానీ, పైన చెప్పిన మూడు పరీక్షల్లో అది వైఫై కన్నా చాలా మేలు. కెమెరాలన్నిటికీ కరెంటు ఒకే ఎస్‌ఎమ్‌పీఎస్ పెట్టె (ఇంటి కరెంటును 12 వోల్టులకు మార్చేది) నుంచి వెళుతుంది. దాన్నీ డీవీఆర్‌నీ ఇన్వర్టర్ లైను మీద పెడితే వీధంతా చీకటైనా రికార్డింగ్ నడుస్తూనే ఉంటుంది. నెట్టుతో పని లేదు, హార్డ్ డిస్క్ ఇంట్లోనే ఉంటుంది. పాడైతే బాగుచేసే మనిషి ఏ మండల కేంద్రంలోనైనా దొరుకుతాడు. ఇంట్లో ఇప్పటికే త్రీ ప్లస్ వన్ కేబుల్ (డీవీఆర్ కెమెరాలకి వీడియో తీగా కరెంటు తీగలూ కలిపి వచ్చేది) లాగి ఉంటే దాన్ని పీకి పారేయకండి. కెమెరాలు మార్చుకుని ఆ కేబులే వాడుకోండి, డబ్బు మిగులుతుంది.

మరి కొత్తగా లాగేవాళ్ళకి నేను డీవీఆర్ ఎందుకు చెప్పను? రెండు కారణాలు. ఒకటి 12 వోల్టుల కరెంటు. సన్నని తీగలో ముప్పై, నలభై మీటర్లు పోయేసరికి వోల్టేజి పడిపోతుంది. పగలు తేడా తెలియదు. రాత్రి కెమెరాలోని ఇన్‌ఫ్రారెడ్ లైట్లు వెలగగానే ఎక్కువ కరెంటు లాగుతుంది, అప్పుడే బొమ్మ అదరడం, కెమెరా ఆగి మళ్ళీ లేవడం మొదలవుతాయి. సరిగ్గా కావలసిన వేళకే మొరాయిస్తుందన్నమాట. రెండోది జాయింట్లు. ఒక్కో కెమెరాకి వీడియోకి బీఎన్‌సీ పిన్ను, కరెంటుకి డీసీ పిన్ను. రెండు వర్షాకాలాలు తడిస్తే పిన్నుల్లో పచ్చగా చిలుము పడుతుంది. కోస్తా ఊళ్ళలో ఉప్పుగాలికి ఇంకా తొందరగా.

పీఓఈలో ఈ రెండు బాధలూ తగ్గిపోతాయి. నెట్‌వర్క్ కేబుల్ ఒక్కటే వెళుతుంది. కరెంటూ వీడియో రెండూ అందులోనే. కరెంటు 48 వోల్టుల దగ్గర బయల్దేరుతుంది కాబట్టి దూరం పోయినా నష్టం తక్కువ, 100 మీటర్ల వరకూ లాగొచ్చు. మామూలు పీఓఈ పోర్టు ఒక్కొక్కటి 15.4 వాట్ల వరకూ ఇస్తుంది, ఇంటి కెమెరాకి అందులో సగం కూడా పట్టదు. నాలుగు కెమెరాలు, ఎన్‌వీఆర్ (డీవీఆర్ లాంటిదే, పీఓఈ కెమెరాల వీడియోని రికార్డు చేసే పెట్టె), హార్డ్ డిస్క్ అన్నీ కలిపినా పాతరకం సీలింగ్ ఫ్యాను ఒకటి లాగేంత కరెంటు కూడా కాదు. ఇన్వర్టర్ మీద రాత్రంతా నిశ్చింతగా నడుస్తుంది. ఒక్క జాగ్రత్త తీసుకోండి. చాలా ఇన్వర్టర్ల వెనక ఈకో, యూపీఎస్ అని రెండు మోడ్‌లుంటాయి. యూపీఎస్ మోడ్‌లో పెట్టండి. లేకపోతే కరెంటు పోయిన ఆ క్షణంలో ఎన్‌వీఆర్ ఆగి మళ్ళీ మొదలై, ఒకటి రెండు నిమిషాల రికార్డు పోతుంది.

నాకు అన్నిటికన్నా నచ్చింది రికార్డు రెండు చోట్ల ఉండే ఏర్పాటు. డీవీఆర్ వాడే కెమెరాల్లో సాధారణంగా ఉండనిదీ, చాలా పీఓఈ కెమెరాల్లో ఉండేదీ మెమరీ కార్డు చోటు. గేటు కెమెరాలో ఒక కార్డు వేసి ఉంచితే, ఎన్‌వీఆర్‌ని ఎత్తుకుపోయినా ఆ గేటు దృశ్యం కెమెరాలో ఉంటుంది. కెమెరాను విరగ్గొడితే విరగ్గొట్టినవాడి ముఖం ఎన్‌వీఆర్‌లో ఉంటుంది. తెలిసిన దొంగలు ముందు రికార్డరునే వెతుకుతారు, కాబట్టి దాన్ని టీవీ కింద పెట్టకండి. అటక మీద, గాలాడే చోట, పాత సామాన్ల వెనక పెట్టండి. డీవీఆర్ ఉన్నవాళ్ళకి కూడా ఇదే మాట.

ఖర్చు ఎక్కువే. డీవీఆర్ సెట్టు కన్నా పీఓఈ సెట్టు ఎప్పుడూ పైమెట్టే. ఆ తేడాను కేబుల్ దగ్గర మిగుల్చుకుందామని మాత్రం చూడకండి. కొట్లో చవగ్గా ఇచ్చే క్యాట్ 6 (నెట్‌వర్క్) కేబుళ్ళలో చాలావాటికి లోపల అల్యూమినియం తీగ మీద రాగి పూత ఉంటుంది. కొనేముందు ఒక తీగ బయటికి లాగి బ్లేడుతో గీయండి. లోపల తెల్లగా మెరిస్తే అది అల్యూమినియమే, పెట్టె తిరిగి ఇచ్చేయండి. దాంట్లో కరెంటు పంపితే నష్టం ఎక్కువ, వంచితే విరుగుతుంది, జాయింటు దగ్గర వేడెక్కుతుంది. కేబుల్ కొసకి నెట్‌వర్క్ ప్లగ్గు తగిలించి నొక్కడం ఒక్కటే కొత్తవాళ్ళు భయపడే పని. తీగల వరస గుర్తుంటే చాలు: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. రెండు కొసల్లోనూ ఇదే వరస. ప్లగ్గు బంగారు పిన్నులు పైకి, తీగలు దూర్చే వైపు మీకేసి ఉండేలా పట్టుకుంటే ఎడమ నుంచి కుడికి ఈ రంగులు కనబడాలి. మొదటి ప్లగ్గు తిన్నగా రాకపోతే కత్తిరించి ఇంకోటి నొక్కండి, ప్లగ్గు ఖరీదెంతని. కోతుల బెడద ఉన్న ఊళ్ళలో బయట కేబుల్ అంగుళం కూడా పైకి కనబడకూడదు, మొత్తం పీవీసీ పైపులోనే పోవాలి. ఇల్లు ఇంకా కడుతూ ఉంటే ప్లాస్టరింగ్‌కి ముందే గేటుకీ, పెరటికీ, మేడ మెట్లకీ పైపులు వేయించుకోండి. కెమెరాలు తర్వాతెప్పుడైనా కొనొచ్చు.

ఎన్ని రోజుల రికార్డు కావాలన్నది కూడా ఇక్కడే తేల్చుకోవాలి. 4 మెగాపిక్సెళ్ళ కెమెరా హెచ్.265లో (వీడియోని కుదించే పద్ధతి) సుమారు 2 ఎమ్‌బీపీఎస్‌తో, అంటే సెకనుకి 2 మెగాబిట్ల చొప్పున, రోజంతా రికార్డు చేస్తే రోజుకి 21 జీబీ దాకా అవుతుంది. 128 జీబీ కార్డు ఆరు రోజులు కూడా రాదు. సంక్రాంతికి ఊరెళ్ళి వారం దాటాక తిరిగొచ్చి తాళం పగిలి ఉండడం చూస్తే, మొదటి రోజుల దృశ్యం మీద అప్పటికే కొత్తది ఎక్కేసి ఉంటుంది. నాలుగు కెమెరాలకి 2 టీబీ డిస్క్ వేస్తే మూడు వారాలు నిలుస్తుంది. కంప్యూటర్లో వాడే మామూలు డిస్క్ వద్దు. రాత్రింబవళ్ళు రాస్తూ ఉండే పనికని చేసిన డబ్ల్యూడీ పర్పుల్, సీగేట్ స్కైహాక్ లాంటివి తీసుకోండి. కదలిక ఉన్నప్పుడే రికార్డు చేస్తే రోజులు పెరుగుతాయి గానీ, కదలికను గుర్తుపట్టడంలో ఒక్కసారి తప్పినా పోయేది మనకి కావలసిన ముక్కే. నేను గేటు కెమెరాకి మాత్రం ఎప్పుడూ రోజంతా రికార్డింగే పెడతాను.

ఏ పద్ధతి ఎంచుకున్నా లెన్సు విషయం ఒకటే. 2.8 ఎమ్‌ఎమ్ లెన్సులో వాకిలంతా కనిపిస్తుంది, చూడ్డానికి బాగుంటుంది. కానీ ముఖాన్ని పోల్చుకోవాలంటే ఆ మనిషి ఉన్న చోట మీటరు వెడల్పుకి 250 పిక్సెళ్ళు పడాలన్నది యూరప్ ప్రమాణం. 2 మెగాపిక్సెళ్ళ కెమెరాకి 2.8 లెన్సుతో అది మూడు మీటర్ల దగ్గరే అయిపోతుంది. అదే కెమెరాకి 6 ఎమ్‌ఎమ్ లెన్సు ఉంటే దాదాపు ఎనిమిది మీటర్ల దాకా వస్తుంది. అందుకే ఇల్లంతా కనబడే కెమెరా ఒకటి, గేటు మీదికి మాత్రమే చూసే, 6 ఎమ్‌ఎమ్ లాంటి తక్కువ వెడల్పు చూపే లెన్సు కెమెరా ఒకటి పెట్టమంటాను. కెమెరాని స్లాబు అంచుకి ఎత్తుగా కొడితే టోపీలూ బట్టతలలూ తప్ప ముఖాలు పడవు. రాత్రిపూట ఇంట్లోవాళ్ళనే గేటు దగ్గర నిలబెట్టి ఫోనులో చూసుకుని అప్పుడే స్క్రూలు బిగించండి. పక్కింటి కిటికీ మీద పడే కోణం ఉంటే కెమెరాలోనే ఆ భాగాన్ని నల్లగా కప్పేసే సదుపాయం ఉంటుంది, తప్పకుండా వాడండి. పక్కింటివాళ్ళ మనసు కష్టపెట్టి కాపాడుకునే ఇల్లు నాకు అక్కర్లేదు.

నెట్టుకి కలిపే ముందు పాస్‌వర్డ్ మార్చాలి. 2016లో మిరాయ్ అనే వైరస్ కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డ్‌లు మార్చని కెమెరాల్లోకీ డీవీఆర్‌లలోకీ చొరబడి, వాటినే సైన్యంగా చేసుకుని అమెరికాలో పెద్ద పెద్ద వెబ్‌సైట్లను ఆపేసింది. ఎన్‌వీఆర్ వెనకే పీఓఈ పోర్టులున్న రకం తీసుకుంటే ఇంకో లాభం: కెమెరాలు నేరుగా నెట్టు మీదికి రావు, ఎన్‌వీఆర్ వెనకే ఉంటాయి. కొనేటప్పుడు ఇంకోటి అడగండి. నెట్టుకి కలిసే సీసీ కెమెరాలకి మన ప్రభుత్వం పెట్టిన భద్రతా పరీక్షలు 2025 ఏప్రిల్ 9 నుంచి తప్పనిసరి అయ్యాయి. పాత స్టాకు చవగ్గా ఇస్తామంటే ఆ పరీక్ష నెగ్గిన మోడలేనా అని అడిగి చూసుకోండి.

కేసు దాకా వెళితే రికార్డరులోంచి తీసిన అసలు ఫైలు ఉండడం ఎంత అవసరమో తెలుస్తుంది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుతో పాటు ధ్రువపత్రం ఇవ్వాలి, అందులో ఫైలు హ్యాష్ విలువ (ఫైలు మారలేదని తేల్చే అంకెలూ అక్షరాల వరస) కూడా రాయాలి. ఫోను స్క్రీన్‌ని ఇంకో ఫోనుతో తీసి వాట్సాప్‌లో పంపిన వీడియో దానికి సాటి రాదు. సంగతి తెలిసిన రోజే ఎన్‌వీఆర్ నుంచి పెన్ డ్రైవ్‌లోకి తీసి పెట్టుకోండి. రికార్డరు గడియారం సరిగ్గా ఉందో లేదో అప్పుడప్పుడూ చూస్తూ ఉండండి, టైము తప్పుంటే రేపు జవాబు చెప్పుకోవలసింది మీరే.

మిగతావి క్లుప్తంగా. పాత ఫోన్‌ని కెమెరాగా మార్చే యాప్‌లు రెండు మూడు రోజుల అవసరానికి సరే, రోజంతా ఛార్జింగ్‌లో పెట్టి ఉంచితే బ్యాటరీ ఉబ్బుతుంది. చిన్న కంప్యూటర్ మీద ఫ్రిగేట్ (కెమెరాల వీడియోని రికార్డు చేసే సాఫ్ట్‌వేర్) వేసుకుని సొంతంగా నడుపుకోవడం లినక్స్ తెలిసినవాళ్ళకి చాలా బాగుంటుంది, కానీ మీరు ఊళ్ళో లేనప్పుడు అది ఆగితే ఇంట్లో పెద్దాళ్ళు ఏమీ చేయలేరు. సోలార్ పలకతో నడిచే 4జీ సిమ్ కెమెరాలు కదలిక ఉంటేనే లేస్తాయి, మొదటి క్షణాలు పోగొట్టుకుంటాయి, ఇంటికి నేను చెప్పను. కానీ పొలంలో మోటారు దగ్గర కేబుల్ కోసుకుపోతున్నారని అడిగే రైతులకి అదే చెబుతాను. కరెంటు ఎప్పుడొస్తుందో తెలియని, నెట్టు వైరు అసలే రాని చోట ఇంతకు మించింది దొరకదు.